నాలుక మరచిన రుచులు

అటు ఇంగ్లండులోనూ, ఇటు ఆంధ్రదేశంలోనూ ఒకనాటి పిల్లలు ఇష్టంగా తిన్న కార్జం, బోటీ, తలకాయ కూర నేటి పిల్లలకు ఎందుకు సహించడం లేదు?

అండమాన్ దీవుల రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌ను ఆనుకుని చాతం అనే చిన్న ద్వీపం ఉంది. (2024 సెప్టెంబరులో ఆ రాజధాని పేరును శ్రీ విజయపురంగా మార్చారు.) ఒక వంతెన ఈ ద్వీపాన్ని పట్టణంతో కలుపుతుంది. ఒక పక్క బాంబూఫ్లాట్‌కు మనుషులనూ వాహనాలనూ దాటించే పడవల రేవు. మరొక పక్క 1883లో ఆంగ్లేయులు నెలకొల్పిన రంపపు మిల్లు. ఆసియా ఖండంలోని అతి పాత మిల్లులలో అది ఒకటి. 1942లో జపానువారు వేసిన బాంబుకు ఏర్పడిన గొయ్యిని నేటికీ అక్కడ చూపిస్తారు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాధికారి ఈ దీవులలో మొదటిసారి ఆంగ్లేయుల నివాసాన్ని ఏర్పాటు చేసింది కూడా చాతంలోనే.

స్వాతంత్ర్యానంతరం ఈ దీవులకు తరలివచ్చినవారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల తెలుగువారు చాలామంది ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారు తమ భాషతోపాటు తమ వంటను కూడా సముద్రం దాటించి తెచ్చుకున్నారు. ఉప్పు చేప, చేప తలకాయ పులుసు, చేప జన వేపుడు వచ్చాయి. ఆదివారం మేక మాంసం తెచ్చిన ఇంట కార్జం వేపుడు, పండుగకు వేట కోస్తే తలకాయ కూర, బోటీ కూడా వచ్చాయి.

ఇక అదే పేరు గల మరొక చాతం ఇంగ్లండులో, కెంట్ ప్రాంతంలో ఉంది. అది కూడా ఓడలరేవే. నెల్సన్ నౌక ‘విక్టరీ’ 1765లో ఆ రేవు నుంచే నీటిలోకి దిగింది. ఆ నౌకానిర్మాణ కేంద్రం 1984లో మూతపడింది. అక్కడ నౌకాదళం వేతనాల కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన ఒకాయన కుమారుడు 1817 నుంచి 1822 వరకు, అంటే తన అయిదవ ఏటి నుంచి పదవ ఏటి వరకు, ఆ ఊరిలో పెరిగాడు. ఆ బాలుడి పేరు చార్లెస్ డికెన్స్.

భూగోళానికి చెరొక వైపున ఉన్న ఈ రెండు చాతంల వంటిళ్ళకు పోలిక ఏమిటని పాఠకులు అడగవచ్చు. పోలిక ఉంది. జంతువు శరీరంలో దొరలు కోరని భాగాలను కష్టజీవి ఇంటి ఇల్లాలు కడిగి, ఉడికించి, రుచిగా మార్చిన విద్య రెండు చోట్లా ఒక్కటే. ఒకటి రెండు తరాలలో ఆ రుచి పిల్లల నాలుక మీది నుంచి జారిపోయిన తీరు కూడా రెండు చోట్లా ఒక్కటే.

ఒక కూలివాని విందు

డికెన్స్ 1844లో ‘ది చైమ్స్’ అనే చిన్న నవల రాశాడు. అందులో టోబీ వెక్ అనే ముసలి కూలివాడు సంవత్సరాంతపు చలిలో చర్చి వద్ద నిలబడి, చీటీలు మోసే పని కోసం ఎదురుచూస్తుంటాడు. కూతురు అతనికి వేడివేడి భోజనం బుట్టలో పెట్టి తెస్తుంది. బుట్టలో ఏముందో చెప్పకుండా, వాసన చూసి పోల్చుకోమని తండ్రిని ఆటపట్టిస్తుంది. ముసలివాడు ముక్కుపుటాలు ఎగరేస్తూ ఒక్కొక్క పేరే చెబుతాడు. కాళ్ళా? కార్జమా? పేగులా? ఒక్కటీ కాదు. చివరకు తేలినది ట్రైప్, అంటే ఉడికించిన పశువు పొట్ట. మన భాషలో చెప్పాలంటే బోటీ.

ఆ ఆటలో ఆనాటి లండను బీదవాని వంటల జాబితా అంతా ఉంది. వాసన మాత్రం చూసి కాళ్ళ కూరకూ కార్జానికీ తేడా చెప్పగల ముక్కు అతనికి ఉంది. అతడు ఆ తిండిని గతిలేక తినడం లేదు, పండుగలా తింటున్నాడు. అంతలో ముగ్గురు పెద్దమనుషులు వచ్చి అతని గిన్నెలోకి తొంగిచూస్తారు. వారిలో లెక్కలు కట్టే ఒకాయన, ఉడికించేటప్పుడు ట్రైప్ ఎంతో తరుగుతుంది కనుక అంతటి వృథా తిండి మరొకటి లేదనీ, దానిని తినడమంటే అనాథల నోటి కూడు లాక్కోవడమేననీ ఉపన్యసిస్తాడు. ముసలివాని ముఖం వాడిపోతుంది. తాను ఇంతసేపూ ఆనందంగా తిన్నది నేరంలా తోస్తుంది.

తిండి కడుపు నింపడంతో ఆగదు, తినేవాని స్థానాన్ని కూడా చాటుతుందని ఆ సన్నివేశం చెబుతోంది. పక్కవాడు ముఖం చిట్లిస్తే నోటిలోని రుచి కూడా మారుతుంది. ఆ తరువాతి కాలంలో ఇంగ్లండులో జరిగినదీ, ఇప్పుడు మన ఇళ్ళలో జరుగుతున్నదీ చాలావరకు ఇదే.

మాట వెనుక చిన్నచూపు

ఈ భాగాలన్నింటికీ కలిపి ఆంగ్లంలో ‘ఆఫల్’ అనే ఒక్క మాట ఉంది. కోసేటప్పుడు పక్కకు రాలి పడినది అని దాని మూలార్థం. చెత్తకూ, ఊకకూ కూడా ఒకప్పుడు అదే మాట వాడేవారు. జింక లోపలి భాగాలను ‘అంబుల్స్’ అనేవారు. వాటితో చేసిన ‘అంబుల్ పై’, వినయం అనే అర్థం గల ‘హంబుల్’ అనే మాటతో కలిసిపోయి, తప్పు ఒప్పుకుని తల వంచడమనే అర్థంలో ఒక నుడికారంగా నిలిచింది. ఆ రెండు మాటలకూ పుట్టుకలో సంబంధం లేదు. ఉచ్చారణ దగ్గరగా ఉండడం వలన, ఆ పై తినేది సేవకజనం అన్న భావన వలన అవి ఒకటైపోయాయి.

తెలుగులో అన్నింటినీ ఒకే గాటన కట్టే మాట లేదు. ప్రతి భాగానికీ దాని పేరు దానికే ఉంది: కార్జం, గుండెకాయ, బోటీ, తలకాయ, మెదడు, నాలుక, కాళ్ళు. కోడిలో కందనకాయ. హైదరాబాదు ప్రాంతానికి వస్తే పాయ, గుర్దా, భేజా, జబాన్ వంటి ఉర్దూ పేర్లు చేరాయి. తెలంగాణ పల్లెలలో మేక నెత్తుటితో చేసే వేపుడును ‘నల్ల’ అంటారు. ఇన్ని పేర్లు ఉండడమే ఈ భాగాలను మనవారు ఎంత శ్రద్ధగా వండుకున్నారో చెప్పే సాక్ష్యం.

అయితే చిన్నచూపు మాటలో లేకపోయినా మనుషులలో లేదని కాదు. ఊరి జాతరలో వేట కోసినప్పుడు తల ఎవరికి, కాళ్ళు ఎవరికి, పేగులు ఎవరికి అన్న కట్టుబాట్లు ఉండేవి. మెత్తని కండ ఒక వీధికి పోతే, మిగిలినది మరొక వీధికి పోయేది. దొరికిన దానితోనే ఆ వీధి ఇల్లాళ్ళు ఒక వంటశాస్త్రాన్ని నిర్మించుకున్నారు. పుణే విశ్వవిద్యాలయంలోని సావిత్రీబాయి ఫూలే స్త్రీ అధ్యయన కేంద్రం 2009లో దళితుల ఆహార జ్ఞాపకాలపై వెలువరించిన పుస్తకం, ఈ వంటల వెనుక ఆకలి, అవమానం, నైపుణ్యం మూడూ కలగలిసి ఉన్నాయని చూపింది. ఈ రుచుల చరిత్రను తియ్యని జ్ఞాపకంగా మాత్రమే చెప్పుకుంటే సగం సత్యం మరుగునపడుతుంది.

రెండు వంటిళ్ళు

ఆంగ్లేయుల సంప్రదాయ వంటలను ఒకసారి పరికిస్తే వాటి పక్కన మన వంటలు తమంతట తామే వచ్చి నిలబడతాయి.

స్కాట్లండువారి హాగిస్‌ను గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులను తరిగి, ఓట్ల పిండి, కొవ్వు, ఉల్లిపాయ, మిరియాలు కలిపి, గొర్రె పొట్టలోనే కూరి ఉడికిస్తారు. ఆ జాతి మహాకవి రాబర్ట్ బర్న్స్ 1786లో ఆ వంటను కీర్తిస్తూ పద్యం రాశాడు. ఆయన పుట్టినరోజైన జనవరి 25న నేటికీ స్కాట్లండువారు ఎక్కడ ఉన్నా ఆ పద్యం చదివి, హాగిస్‌ను కోసి పంచుకుంటారు. 1971 నుంచి అమెరికా ప్రభుత్వం ఆహారంలో ఊపిరితిత్తులను నిషేధించినందువలన అసలైన హాగిస్ ఆ దేశంలోకి పోలేకపోయింది.

లాంకషైర్‌లోని బరీ పట్టణం బ్లాక్ పుడ్డింగ్‌కు ప్రసిద్ధి. పంది నెత్తురు, కొవ్వు, ధాన్యపు పలుకులు కలిపి పేగులో నింపి ఉడికించేది అది. మన ‘నల్ల’కు దూరపు బంధువు. కార్జం, గుండె తరిగి గుండ్రని ముద్దలుగా కాల్చేవి ఫాగట్స్. మూత్రపిండాలను గొడ్డు మాంసంతో కలిపి పిండి పొరలో మూసి కాల్చేది కిడ్నీ పై. ఇక ట్రైప్‌ను పాలలో ఉల్లిపాయలతో మెల్లగా ఉడికించేవారు, లేదా వెనిగర్ చల్లుకుని చల్లగానే తినేవారు. ఉత్తర ఇంగ్లండులో వీధి వీధికీ ట్రైప్ అంగళ్ళు ఉండేవి. జార్జ్ ఆర్వెల్ 1937లో ప్రచురించిన ‘ది రోడ్ టు విగన్ పియర్’ అటువంటి ఒక అంగడి పైనున్న బస గదితోనే మొదలవుతుంది. ఆ అంగడి అపరిశుభ్రతను ఆయన వర్ణించిన తీరు చదివినవారికి ట్రైప్ మీద కోరిక పుట్టడం కష్టమే.

అపరిశుభ్రత ఆ అంగడిది, వంటది కాదు. ఈ భాగాలను తినదగినట్లు చేయడమంటేనే శుభ్రం చేయడం. మన ఇళ్ళలో బోటీ వండిన ఇల్లాలిని అడిగితే వంట గురించి పది నిమిషాలు, కడగడం గురించి అరగంట చెబుతుంది. పొట్టను వేడి నీటిలో ముంచి, సున్నం రాసి, నల్లని పొరను కత్తితో గీకి తీయాలి. పేగులను లోపలి వైపు బయటకు తిప్పి, ఉప్పు, పసుపు వేసి నీరు తేటపడేవరకు కడగాలి. తలకాయనూ కాళ్ళనూ మంట మీద కాల్చి, వెంట్రుక మిగలకుండా గీకాలి. ఆ తరువాతనే ఉడికించడం. బోటీలో శనగపప్పు వేసేవారు కొందరు, గోంగూర కలిపేవారు మరికొందరు. తలకాయ కూరలో చింతచిగురు వేసే కాలం వేరు.

ఇంగ్లండులో ఈ పనిని ట్రైప్ వర్తకులే చేసి, ఉడికించి, తెల్లగా చేసి అమ్మేవారు. జంతువు పొట్టలోని నాలుగు అరలకు నాలుగు పేర్లు ఉండేవి. తేనెపట్టులా ఉన్నది ఒకటి, దుప్పటిలా ఉన్నది మరొకటి. పుస్తకపు పుటల్లా మడతలు గల దానిని బైబిల్ ట్రైప్ అనేవారు.

మన దేశానికి వచ్చిన ఆంగ్లేయులు ఈ రుచులను వెంట తెచ్చుకున్నారు. ‘వైవర్న్’ అనే కలం పేరుతో ఒక సైనికాధికారి 1878లో మద్రాసులోని దొరసానుల కోసం వంటల పుస్తకం వెలువరించాడు. ఆంగ్లో ఇండియనుల ఇళ్ళలో మెదడు కట్లెట్లు, మిరియాల కార్జం వేపుడు నేటికీ నిలిచి ఉన్నాయి. పాలించినవారి వంటిల్లూ పాలితుల వంటిల్లూ మిరియాల డబ్బా దగ్గర కలుసుకున్నాయి.

రేషను కాలం నాటి పిల్లలు

ఇంగ్లండులో ఒక తరం పిల్లలకు ఈ భోజనం మరువరానిదిగా మారడానికి కారణం రెండవ ప్రపంచ యుద్ధం. 1940 జనవరిలో అక్కడ ఆహారపు రేషను మొదలైంది. ఆ మార్చిలో మాంసం కూడా అందులో చేరింది. 1954 జూలైలో గాని మాంసంపై ఆంక్షలు తొలగలేదు. ఆ 14 సంవత్సరాలలో చాలావరకు కార్జం, మూత్రపిండాలు, గుండె, ట్రైప్ వంటివాటికి కూపన్లు అవసరం ఉండేది కాదు. దొరకడం మాత్రం అదృష్టం మీద ఆధారపడేది. మాంసపు అంగడి ముందు వరుసలో తల్లులు నిలబడేవారు. దొరికిన నాడు కార్జం, ఉల్లిపాయల వేపుడు ఇంటిల్లిపాదికీ విందు. 1944 విద్యా చట్టం బడులలో మధ్యాహ్న భోజనం సమకూర్చడాన్ని స్థానిక సంస్థల బాధ్యతగా చేసింది. ఆ బడి భోజనంలో కార్జం తరచుగా వచ్చేది.

ఆ తరం జ్ఞాపకాలలో ఒక విచిత్రం ఉంది. ఇంట్లో అమ్మమ్మ చేసిన కార్జాన్ని తలచుకుని లొట్టలు వేసేవారే, బడిలో వడ్డించిన కార్జాన్ని తలచుకుని ముఖం ముడుచుకుంటారు. పదార్థం ఒక్కటే. ఒకటి చేయి తిరిగిన మనిషి కొద్దిసేపు వేపి ప్రేమగా పెట్టినది. మరొకటి వందల మందికి ఒకేసారి వండడంతో తోలులా బిగిసినది, ‘తినేదాకా లేవకూడదు’ అన్న ఆజ్ఞతో పెట్టినది. పిల్లవాడు రుచితో పాటు సందర్భాన్ని కూడా మింగుతాడు.

అదే యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం ముందు వేరొక సమస్య ఉంది. మేలైన మాంసం సైనికులకు పోతుంది కనుక గృహిణులు గుండె, మూత్రపిండాలు, థైమస్ గ్రంథి వంటివి వండేలా చేయడం ఎలా? మానవ శాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ కార్యదర్శిగా ఉన్న ఒక సంఘం ఈ ప్రశ్నను చేపట్టింది. మనస్తత్వ శాస్త్రవేత్త కుర్ట్ లెవిన్ ఒక ప్రయోగం చేశాడు. కొన్ని బృందాల గృహిణులకు పోషక విలువల గురించి, దేశభక్తి గురించి చక్కని ఉపన్యాసాలు ఇప్పించాడు. మరికొన్ని బృందాలలో ఉపన్యాసం లేదు. ‘మనవంటి గృహిణులకు ఇందులో ఇబ్బంది ఏమిటి? వాసనా? భర్త ఒప్పుకోకపోవడమా?’ అని వారే చర్చించుకుని, చివరకు చేతులెత్తి నిర్ణయించుకున్నారు. ఆ తరువాత విచారించగా, ఉపన్యాసం విన్నవారిలో అంతకు ముందెన్నడూ వండని భాగాన్ని వండినవారు 3 శాతం. చర్చించుకున్నవారిలో 32 శాతం.

మంచిదని చెబితే మనిషి తినడు. తనవంటివారు తింటున్నారని తెలిస్తే తింటాడు. ఇది పెద్దల విషయం. పిల్లల విషయంలో ఇంకా ఎక్కువ నిజం.

నాలుక నేర్చుకునే వయసు

శిశువు పుట్టుకతోనే తీపిని ఇష్టపడుతుంది, చేదును తిరస్కరిస్తుంది. మిగిలిన ఇష్టాయిష్టాలలో అధిక భాగం నేర్చుకున్నవే. ఈ నేర్పు తల్లి కడుపులోనే మొదలవుతుంది. 2001లో జూలీ మెన్నెల్లా బృందం ప్రచురించిన పరిశోధనలో, గర్భిణిగా ఉన్నప్పుడు గాని, పాలిచ్చే తొలి నెలలలో గాని కారట్ రసం తాగిన తల్లుల బిడ్డలు, తరువాత కారట్ కలిపిన ఆహారాన్ని తక్కువ విముఖతతో స్వీకరించారు. తల్లి తిన్నదాని పరిమళం బిడ్డకు తొలి పరిచయం అన్నమాట.

రెండేళ్ళ లోపు పిల్లలు దొరికినదల్లా నోట పెట్టుకుంటారని తల్లులందరికీ తెలుసు. అసహ్యం అనే భావం వారికి ఇంకా పుట్టలేదు. రెండు నుంచి ఆరేళ్ళ మధ్య పరిస్థితి తిరగబడుతుంది. కొత్త పదార్థం ఏది పెట్టినా పిల్లలు భయపడి తోసివేస్తారు. శాస్త్రజ్ఞులు దీనిని సహజమైన ఆత్మరక్షణగా భావిస్తారు. నడక వచ్చిన పిల్లవాడు తెలియని ఆకో కాయో తినకుండా ప్రకృతి వేసిన కళ్ళెం అది.

ఆ కళ్ళెం సడలించే ఉపాయం ఒక్కటే: మళ్ళీ మళ్ళీ పరిచయం చేయడం. లియాన్ బర్చ్ అనే శాస్త్రవేత్త 1980ల నుంచి చేసిన పరిశోధనలు, ఒక కొత్త పదార్థాన్ని చాలాసార్లు, తరచుగా ఎనిమిది పది సార్లకు పైగా, రుచి చూసిన తరువాతనే పిల్లలకు అది నచ్చసాగుతుందని చూపాయి. చూస్తే చాలదు, రుచి చూడాలి. బలవంతం చేస్తే ఫలితం తలకిందులవుతుంది. రెండు మూడు సార్లు వద్దనగానే ‘మా వాడికి ఇది పడదు’ అని పెద్దలు తీర్మానించడంతో ఆ తలుపు మూసుకుపోతుంది.

అసహ్యంపై జీవితమంతా పరిశోధించిన పాల్ రోజిన్ మరొక విషయం గమనించాడు. మనిషికి కలిగే ఆహార సంబంధమైన అసహ్యంలో చాలా భాగం జంతు సంబంధమైన పదార్థాల చుట్టూనే తిరుగుతుంది. కాకరకాయ వద్దనే పిల్లవాడు చేదని అంటాడు. తలకాయ కూర వద్దనే పిల్లవాడు రుచి చూడకుండానే వద్దంటాడు. అది ఏమిటో తెలియడమే అతని అభ్యంతరం. ఉత్తరాంధ్ర ఇళ్ళలో మనవడు కంచంలోకి వేలు చూపి ‘ఏటిది అమ్మమ్మా?’ అని అడిగేవాడు. ‘తిను నాన్నా, తరవాత చెబుతాను’ అనేది అమ్మమ్మ. ఏ పరిశోధనా చదవకుండానే ఆమె రహస్యం కనిపెట్టింది.

రుచి ఎలా జారిపోయింది

మరి ఒకటి రెండు తరాలలోనే ఇంత మార్పు ఎందుకు వచ్చింది?

మొదటి కారణం చవక కోడి. 1971లో బండా వాసుదేవరావు వెంకటేశ్వర హ్యాచరీస్‌ను స్థాపించారు. కోళ్ళ పెంపకం మన దేశంలో పెద్ద పరిశ్రమగా మారడంలో ఆయన పాత్ర ప్రధానమైనది. ఒకప్పుడు చుట్టం వస్తే కోసే కోడి వారం వారం వంటకమైంది. ఎముక లేని ముక్కలు అంగడిలో సిద్ధంగా దొరుకుతున్నాయి. ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. జంతువు ముఖం కనబడని మాంసానికి అలవాటుపడిన పిల్లవానికి తలకాయ కూర ఒక దిగ్భ్రమ.

రెండవ కారణం వంటింటి కాలం. బోటీ శుభ్రం చేయడానికి ఒక పూట పడుతుంది. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట ఆ పూట ఎక్కడిది? కోడలు నేర్చుకోకముందే అత్తగారి చేయి ఆగిపోయింది.

మూడవ కారణం భయం. 1986లో బ్రిటన్‌లో పశువులలో ‘పిచ్చి ఆవు వ్యాధి’ బయటపడింది. 1989 నవంబరులో మెదడు, వెన్నుపాము, ప్లీహం వంటి కొన్ని భాగాలను మనుషుల ఆహారంగా అమ్మడాన్ని ఇంగ్లండులో నిషేధించారు. ఆ వ్యాధి మనుషులకు సోకి ఉండవచ్చునని 1996 మార్చిలో ప్రభుత్వం ప్రకటించింది. ఆ రూపంలో బ్రిటన్‌లో 170 మందికి పైగా మరణించారు. అప్పటికే తగ్గుముఖం పట్టిన ఆ వంటలకు ఇది పెద్ద దెబ్బ.

నాల్గవది సిగ్గు. దీనిని పైకి ఎవరూ చెప్పరు. ఇంట ఇష్టంగా తిన్న పిల్లవాడు బడిలో తోటివారి ముందు మూత తీయడానికి జంకుతాడు. టోబీ వెక్ గిన్నెలోకి తొంగిచూసిన ఆ పెద్దమనుషులు అన్ని కాలాలలోనూ, అన్ని బడులలోనూ ఉన్నారు.

అయితే కథ ఇక్కడ ఒక వింత మలుపు తిరిగింది. 1994లో ఫెర్గస్ హెండర్సన్ లండను మాంసపు బజారైన స్మిత్‌ఫీల్డ్ సమీపంలో ‘సెయింట్ జాన్’ అనే భోజనశాల తెరిచాడు. జంతువును చంపినప్పుడు దానిలోని ప్రతి భాగాన్నీ ఉపయోగించడమే మర్యాద అన్నది అతని సిద్ధాంతం. 1999లో అదే విషయంపై పుస్తకం రాశాడు. నిన్నటి కూలివాని కూడు నేడు ధనికుని విలాసమైంది. మన హైదరాబాదులోనూ, విజయవాడలోనూ పేరున్న భోజనశాలలు తలకాయ మాంసాన్నీ, బోటీ వేపుడునూ పల్లె రుచులంటూ వడ్డిస్తున్నాయి. తినేవారు ఎక్కువగా చిన్నతనంలో రుచి చూసిన పెద్దలే. వెంట వచ్చిన పిల్లలు మాత్రం కోడి వేపుడు అడుగుతారు.

కార్జం చెప్పిన కథ

పోతే పోనీ, ఒక రుచి పోయినంతమాత్రాన ఏమైందని అనవచ్చు. ఈ ప్రశ్నకు వైద్య చరిత్రలో కొంత సమాధానం ఉంది.

1920లలో పెర్నీషియస్ ఎనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనతకు మందు లేదు. కార్జం తినిపిస్తే రోగులు కోలుకుంటున్నారని కనుగొన్నందుకు విపుల్, మైనాట్, మర్ఫీ అనే ముగ్గురు అమెరికన్ వైద్యులకు 1934లో నోబెల్ బహుమానం లభించింది. కార్జంలోని ఆ శక్తి బి12 విటమిన్ అని 1948లో తేలింది. ఇంతలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బీద గర్భిణులను పీడించే మరొక రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారంలోనూ, కార్జంలోనూ దానికి విరుగుడు ఉందని 1931లో ప్రకటించారు.

ఆ విరుగుడు చివరకు ఫోలిక్ ఆమ్లంగా బయటపడింది. దానిని వేరుచేసి, 1945లో కృత్రిమంగా తయారుచేయగలిగిన లెడర్లీ పరిశోధనాలయానికి సారథ్యం వహించినవారు భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే జీర్ణవ్యాధికి ఆయన తన సోదరులను పోగొట్టుకున్నారు. ఆయనకు కూడా ఆ వ్యాధి సోకింది. ఆ వ్యాధి చికిత్సకే ఫోలిక్ ఆమ్లం ఉపకరించింది. గర్భిణులకు ఈనాడు ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్ర వెనుక ఒక తెలుగువాని కృషి, ఒక జంతువు కార్జం రెండూ ఉన్నాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో, మన దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లలలో 67 శాతం రక్తహీనతతో ఉన్నట్లు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 63 శాతం, తెలంగాణలో 70 శాతం. రక్తహీనతకు కారణాలు అనేకం. కార్జం ఒక్కటే దానికి మందు కాదు. శాకాహారులకు ఆకుకూరలు, పప్పులు, మాత్రలు ఉన్నాయి. కాని మాంసం తినే ఇంట, అందుబాటులో ఉన్న ఇనుమునూ విటమిన్లనూ పిల్లవాడు ముఖం చిట్లించాడని పక్కకు తోసివేయడం తేలికగా తీసుకోవలసిన విషయం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. కార్జంలో ఎ విటమిన్ అత్యధికంగా ఉండడం వలన గర్భిణులు దానిని తినరాదని బ్రిటిష్ ఆరోగ్య శాఖ 1990లో సలహా ఇచ్చింది. కీళ్ళవాతం ఉన్నవారు, కొలెస్ట్రాల్ అధికంగా ఉన్నవారు వైద్యుని అడగడం మంచిది. పిల్లలకు కూడా అప్పుడప్పుడు ఒకటి రెండు ముక్కలు చాలు. పూర్తిగా ఉడకనిది ఎవరూ తినరాదు.

ఒక ముక్క, పది సార్లు

పిల్లలకు ఈ రుచి మళ్ళీ పరిచయం చేయదలచినవారికి శాస్త్రం చెప్పేదీ, పాతకాలపు అమ్మమ్మలు చేసినదీ వేరు కాదు. మెత్తగా ఉండే కార్జంతో మొదలుపెట్టాలి, సాగే బోటీతో కాదు. ఎక్కువసేపు వేపితే కార్జం గట్టిపడుతుందని మరువరాదు. పిల్లలకు ఇదివరకే ఇష్టమైన కూరలో ఒక చిన్న ముక్క కలపాలి. వద్దంటే ఊరుకోవాలి. వారం గడిచాక మళ్ళీ పెట్టాలి. అన్నింటికంటే ముఖ్యం, పెద్దలు అదే పంక్తిలో కూర్చుని ఇష్టంగా తినాలి. తాము ముట్టని దానిని ‘మంచిది’ అని పిల్లలకు పెట్టడం లెవిన్ ప్రయోగంలోని ఉపన్యాసం వంటిదే. దాని ఫలితం 3 శాతం.

అప్పటికీ పిల్లవానికి నచ్చకపోతే తప్పేమీ లేదు. ప్రతి తరానికీ తన నాలుక ఉంటుంది. అయితే రుచి చూసి వద్దనడం వేరు, సిగ్గుతో వద్దనడం వేరు. మొదటిది ఇష్టం. రెండవది ఇతరులు నేర్పిన న్యూనత.

చాతం మిల్లు వంటి చోట మానును కోసినప్పుడు చేవగల పలక ఒక పక్కకు పోతుంది. పైపెళ్ళలు, రంపపు పొట్టు మరొక పక్కకు పోతాయి. ఒకప్పుడు తెలుగు ఇళ్ళలో ఆ పొట్టును ఇనుప పొయ్యిలో దట్టించి మంట పెట్టుకుని వంట చేసేవారు. పలక మేజా అవుతుంది, పొట్టు అన్నం ఉడికిస్తుంది. ఏది మేలైనది, ఏది రాలిపడినది అన్న లెక్క అక్కర కలిగినవారి చేతిలో మారిపోతుంది. కూతురు తెచ్చిన బుట్ట ముందు కూర్చుని వాసన చూసి మురిసిన ఆ ముసలి కూలివానికి ఈ సంగతి తెలుసు. మనవడి నోటికి కార్జం ముక్క అందించిన అమ్మమ్మకు కూడా తెలుసు. ఆ ముక్క ఈనాటి పిల్లవాని కంచందాకా రావడమా, మానడమా అన్నది ఆమె నుంచి ఆ విద్య నేర్చుకునేవారు ఇంట ఎవరైనా మిగిలారా అన్నదాని మీదనే ఆధారపడి ఉంది.